మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: నా వయసు 36. ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో టీమ్ లీడ్‌గా చేస్తున్నాను. మొదట ఆరుగురం ఉండేవాళ్లం. ఇద్దరు వెళ్లిపోయారు, వాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. నెలాఖరు క్లోజింగ్ (లెక్కలు ముగించే) రోజుల్లో రాత్రి 11 దాకా మేనేజర్ ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒక్కోసారి వచ్చే నెల ఇన్‌వాయిస్‌ను ఈ నెల ఆదాయంలో చూపమంటారు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె దడ మొదలవుతుంది. తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వచ్చేస్తుంది. బాబు నవ్వుతూ దగ్గరికొచ్చినా లోపల ఏమీ అనిపించదు. రేపు మెలకువ రాకపోతే బాగుండు అని కొన్నిసార్లు అనిపించింది. ప్రార్థనా జీవితం తగ్గినందుకే ఇలా జరుగుతోందని సంఘ పెద్ద ఒకరు అన్నారు. అప్పటినుంచి శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నాను, రాత్రంతా జరిగే ప్రార్థనలకూ వెళ్తున్నాను. ఇంకా నీరసపడ్డానే గానీ తేలికపడలేదు. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడేమో అనిపిస్తోంది. డాక్టర్ డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనేమోనని ఇంతవరకూ మొదలుపెట్టలేదు. సండే స్కూల్ పిల్లలకు "చింతపడకుడి" అని నేర్పేది నేనే. ఉద్యోగం మానేయమని దేవుడు చెబుతున్నాడా? (ఒక సోదరి)

జవాబు: సోదరికి ప్రభువు నామంలో వందనాలు.

మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన మాట ఒకటుంది. అన్నిటికంటే ముందు దాని గురించి మాట్లాడాలి. రేపు మెలకువ రాకపోతే బాగుండు అనిపించడం డిప్రెషన్‌లో తరచుగా కనిపించే లక్షణం. అది పాపమూ కాదు, మీ భక్తి మీద మచ్చా కాదు. అయితే దాన్ని దాచిపెట్టకూడదు. ఈ రోజే మీ భర్తకో, మీరు బాగా నమ్మే మరొకరికో ఉన్నదున్నట్టు చెప్పండి. మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. ఎలా చనిపోవాలి, ఎప్పుడు, దేనితో అన్న ఆలోచన ఏ కొంచెం మొదలైనా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. ఆ రోజే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి, వెళ్లేదాకా ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ మీ భర్త దగ్గర ఉంచి, ఏ రోజువి ఆ రోజు తీసుకోవడం మంచిది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఏలీయా ప్రవక్త అంతటివాడు బదరీవృక్షం కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. ఆ మాటకు దేవుడు ఆయన్ని గద్దించలేదు.

ఇక మాత్రల సంగతి. వేసుకోండి. అది విశ్వాసం లేకపోవడం కాదు. యెషయా 38వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. యూదా రాజు హిజ్కియా జబ్బుపడి ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, ఆయుష్షు 15 సంవత్సరాలు పెంచుతానని స్వయంగా మాట ఇచ్చాడు. ఆ తర్వాత ఆ మాట తెచ్చిన ప్రవక్త యెషయాయే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమన్నాడు. స్వస్థత గురించి వాగ్దానం వచ్చేశాక కూడా కట్టు కట్టారు. కట్టు కట్టించుకున్నందుకు హిజ్కియాను ఎవరూ అవిశ్వాసి అనలేదు. తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు పౌలు కొద్దిగా ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, ఇంకా ప్రార్థించమని చెప్పి ఊరుకోలేదు. ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడు. షుగర్ వచ్చినవాళ్లను మందు మానేసి ప్రార్థించమని చెప్పడానికి జంకే సంఘాలు కూడా మెదడు విషయంలో అదే మాట సులువుగా అనేస్తాయి. మెదడు కూడా శరీరంలో భాగమే. దాన్ని చేసింది కూడా దేవుడే.

డాక్టర్ ఏ మందు రాశారో మీరు చెప్పలేదు. సాధారణంగా మొదట ఇచ్చేవి ఎస్ఎస్ఆర్ఐ అనే రకం డిప్రెషన్ మాత్రలు. అవే అయితే ఈ సంగతులు ముందే తెలిసి ఉండాలి. మొదటి వారం పది రోజుల్లో వికారం, తలనొప్పి, కొంచెం ఎక్కువ అలజడి ఉండొచ్చు. మేలు కనిపించడానికి 2 నుంచి 4 వారాలు, పూర్తిగా కనిపించడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అంటే ఇబ్బంది ముందు వస్తుంది, మేలు తర్వాత వస్తుంది. చాలామంది సరిగ్గా ఈ మధ్యలోనే "ఇది దేవుని చిత్తం కాదు" అనుకుని ఆపేస్తారు. ఇంకొందరు రెండో నెలలో మనసు తేలికపడగానే స్వస్థత వచ్చిందని సాక్ష్యం చెప్పి, మాత్రలు ఒక్కసారిగా మానేస్తారు. రెండూ తప్పే. మామూలు మనిషి అయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమనే వైద్యులు చెబుతారు. ఆపేటప్పుడు వాళ్ల సలహాతో మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం ఉండొచ్చు, జబ్బు తిరగబెట్టొచ్చు కూడా. మొదటి వారాల్లో అలజడి మరీ పెరిగినా, చావు ఆలోచనలు ఎక్కువైనా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. నిద్ర కోసం వేరే మాత్ర కూడా ఇచ్చారేమో అడగండి. ఆ కోవలో కొన్నిటికి అలవాటు పడే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని కొద్ది వారాలకు మించి వాడనివ్వరు. అలవాటైపోతుందేమో అని జనం భయపడేది ఎక్కువగా వాటి గురించి విని. డిప్రెషన్ మాత్రలు వేరు, వాటికి ఆ రకమైన వ్యసనం ఉండదు.

డాక్టర్‌కు మీరు తప్పకుండా చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. గతంలో ఎప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, విపరీతమైన హుషారుతో, ఆగకుండా మాట్లాడుతూ, ఖర్చులు చేస్తూ గడిపారా? అలా ఉంటే అది బైపోలార్ కావచ్చు, అంటే దిగులు, విపరీతమైన హుషారు మారిమారి వచ్చే జబ్బు. అప్పుడు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనసు ఆ హుషారు వైపు దూకేయొచ్చు. గర్భం, పాలివ్వడం ఉన్నా చెప్పాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించారో లేదో అడగండి. ఇవి తగ్గినా నీరసం, దిగులు అచ్చం ఇలాగే ఉంటాయి.

ఉపవాసం, రాత్రి ప్రార్థనలు ప్రస్తుతానికి ఆపండి. ఈ మాట కఠినంగా అనిపించినా సరే. నిద్ర ఇప్పటికే తెల్లవారుజామున 3కి తెగిపోతున్న మనిషి వారానికో రాత్రి పూర్తిగా మేలుకుంటే డిప్రెషన్ ముదురుతుంది. బైపోలార్ ఉన్నవాళ్లకైతే ఒక్క రాత్రి జాగారంతో కూడా జబ్బు పైకి లేవొచ్చు. ఖాళీ కడుపుతో ఈ మాత్రలు వికారం పెంచుతాయి. బైపోలార్‌కు ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్లు నీళ్లు కూడా మానేసి ఉపవాసం ఉంటే రక్తంలో ఆ మందు విషమయ్యే స్థాయికి చేరొచ్చు. మీకు లిథియం ఇచ్చి ఉండరు, కానీ ఇది చదివే ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. "ఆరోగ్యం కుదుటపడేదాకా ఉపవాసం ఉండట్లేదు, డాక్టర్ వద్దన్నారు" అంటే చాలు, అంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి పని వల్ల వచ్చిన అలసట, దాన్నే బర్నౌట్ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో దీన్ని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా పెట్టింది. అక్కడ చెప్పిన గుర్తులు మూడు: ఒంట్లో శక్తంతా తోడేసినట్టుండటం, పని మీద విముఖత, చేసే పని పనికొచ్చేలా లేదన్న భావన. ఆదివారం సాయంత్రం దడ ఈ వైపు లక్షణం. సోమవారం సెలవని తెలిస్తే ఆ దడ తగ్గుతుంది. రెండోది డిప్రెషన్. బాబు నవ్వినా ఏమీ అనిపించకపోవడం, 3 గంటల మెలకువ, బతుకు మీద విరక్తి పనితో ముడిపడినవి కావు, సెలవు రోజునా వెంట వస్తాయి. రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఇలా ఉంటే వైద్యులు దాన్ని జబ్బుగానే చూస్తారు. ఎంతవరకు ఉందో అంచనా వేయడానికి వాళ్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్ పరిశీలించాల్సిందే, 20 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రం. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం ఎంత తక్కువ వచ్చినా, ఆ ఒక్కదానికి 0 కాక ఇంకేది వచ్చినా డాక్టర్‌కు చెప్పి తీరాలి. నెలకోసారి రాసి తేదీ వేసి పెట్టుకుంటే మందు పనిచేస్తోందో లేదో మీకే తెలుస్తుంది.

ఈ రెండిటినీ విడదీసి చెప్పడానికి కారణం ఉంది. మాత్ర ఆఫీసులో ఇద్దరు మనుషుల లోటు తీర్చదు. కొత్తగా ఇద్దరు చేరినంత మాత్రాన డిప్రెషన్ తగ్గదు. దేని మందు దానికి కావాలి. ప్రార్థన రెండిటి వెంటా నడుస్తుంది గానీ ఏ ఒక్కదానికీ బదులు కాదు.

ఈ రెండిటి మీద మూడో భారం ఒకటి వచ్చి పడింది. అది మిగతావాటికంటే ఎక్కువ హాని చేస్తోందని నా అభిప్రాయం. "దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు" అన్న మాట. మతవిశ్వాసం కష్టాల్లో మనిషికి ఎలా తోడ్పడుతుందో ఏళ్ల తరబడి పరిశోధించిన మనస్తత్వవేత్త కెనెత్ పార్గమెంట్, ఆయన సహచరులు ఒక తేడా గమనించారు. దేవుడు నాతో ఉన్నాడు, సంఘం నాతో ఉంది అనుకుని కష్టాన్ని ఎదుర్కొనేవారికి విశ్వాసం బలమవుతోంది. ఇది దేవుని శిక్ష, ఆయన నన్ను వదిలేశాడు అనుకునేవారిలో దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తున్నాయి. అంటే ఎంత భక్తి ఉంది అన్నదొక్కటే కాదు, దేవుణ్ణి ఎలా తలుచుకుంటున్నాం అన్నది కూడా ముఖ్యం. సంఘ పెద్దగారు మంచి మనసుతోనే అని ఉండొచ్చు. కానీ ఆ మాట మిమ్మల్ని రెండో వైపుకి నెట్టింది.

నిజానికి డిప్రెషన్‌లో ప్రార్థన తగ్గుతుంది. ధ్యాస నిలవదు, మాటలు రావు, వాక్యం చదివినా రుచించదు. ఇవి జబ్బు లక్షణాలు, కారణాలు కావు. పెద్దగారు ఫలితాన్ని చూసి కారణమనుకున్నారు. 88వ కీర్తన తీసి చూడండి. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతో ముగుస్తుంది. చివర్లో స్తుతి లేదు, మలుపు లేదు. అయినా అది లేఖనాల్లోనే ఉంది. పౌలు ఆసియలో తమకు వచ్చిన శ్రమ గురించి కొరింథీయులకు రాస్తూ, శక్తికి మించిన భారంతో కుంగిపోయి బతుకు మీద ఆశ వదులుకున్నామని ఒప్పుకున్నాడు. "చింతపడకుడి" అని రాసిన చెయ్యే ఆ ఉత్తరమూ రాసింది. 19వ శతాబ్దంలో లండన్‌లో వేలమందికి బోధించిన స్పర్జన్ గారు ఏళ్ల తరబడి ఈ దిగులుతోనే పరిచర్య చేశారు. 1856 అక్టోబరులో ఆయన బోధిస్తున్న సభలో ఎవరో మంటలని అబద్ధపు కేక వేస్తే తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. అప్పుడాయన వయసు 22. ఆ దెబ్బకు కొంతకాలం బోధించలేకపోయారు. తన కుంగుబాటు సంగతిని ఆయన తన దగ్గర చదువుకునే యువ బోధకులకు దాచకుండా చెప్పారు, వాళ్లకూ వస్తుందని తెలిసి.

ఇప్పుడు ప్రార్థన ఎలా చేసుకోవాలో చూద్దాం. రాత్రి మెలకువ వచ్చి గంటసేపు "ప్రభువా, రేపు రీకన్సిలియేషన్ (ఖాతాల సరిపోలిక) తేలకపోతే, మేనేజర్ అందరిముందు అంటే, ఉద్యోగం పోతే" అని తిప్పి తిప్పి అడుగుతుంటే అది ప్రార్థన రూపంలో ఉన్న చింతే. గుర్తుపట్టడం తేలిక: పది నిమిషాల తర్వాత గుండె నెమ్మదించిందా, ఇంకా బిగుసుకుందా? బిగుసుకుంటే పద్ధతి మార్చాలి. సాయంత్రం పూట, పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందు, 15 నిమిషాలు పెట్టుకోండి. ఒక నోట్‌బుక్‌లో చింత ఒక్క వాక్యంలో రాయండి. దాని కింద దేవునికి మనవి ఒక్క వాక్యంలో. దాని కింద నా చేతిలో ఉన్న ఒక్క పని, అది ఎప్పుడు చేస్తానో. నా చేతిలో ఏమీ లేకపోతే "నాది కాదు" అని రాయండి. ఉదాహరణకు, "సరఫరాదారుల ఖాతాలో తేడా తేలట్లేదు. ప్రభువా, ఓపిక, స్పష్టత ఇవ్వు. రేపు 10 గంటలకు స్టేట్‌మెంట్ తెప్పించి పోల్చి చూస్తాను." పుస్తకం మూసి పక్కన పెట్టేయాలి. రాత్రి 3కి అదే చింత వస్తే "రాశాను, అప్పగించాను" అనుకోండి, కొత్తగా ప్రార్థన మొదలుపెట్టొద్దు. 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని ఒక కీర్తన మెల్లగా చదివి, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకోండి. ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు. రోజుకు ఇన్ని అధ్యాయాలు చదవాలన్న లెక్క కూడా ఈ నెలల్లో పక్కన పెట్టండి. రోజుకు నాలుగు వచనాలు చాలు.

దడ వచ్చినప్పుడు ఆఫీసు కుర్చీలోనే, ఎవరికీ తెలియకుండా చేయగలిగేది ఒకటుంది. పాదాలు రెండూ నేలకు ఆనించి, భుజాలు వదులు చేసి, ముక్కుతో 4 లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చుతూ మనసులో "యెహోవా నా కాపరి" అనండి. 6 లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదులుతూ "నాకు లేమి కలుగదు" అనండి. ఇలా నిమిషానికి దాదాపు ఆరు శ్వాసలు, ఐదు నిమిషాలు. వదిలేది పీల్చేదానికన్నా పొడుగ్గా ఉండటమే ఇందులో కీలకం, గుండె వేగం తగ్గేది అప్పుడే. చాలామంది కంగారులో గట్టిగా, లోతుగా పీల్చేస్తారు. దాంతో తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కి దడ ఇంకా పెరుగుతుంది. అలా అయితే తక్కువ గాలి పీల్చాలి, ఎక్కువ కాదు. దడ లేని రోజుల్లో కూడా పొద్దున్న మెయిల్ తెరిచే ముందు ఒకసారి చేస్తేనే అవసరమైనప్పుడు పనికొస్తుంది.

ఇక ఆఫీసు. "మీరేమి చేసినను మనస్ఫూర్తిగా చేయుడి" అన్న కొలొస్సయుల వచనంతో విశ్వాసులు తమను తాము కొట్టుకోవడం ఎక్కువైంది. ఆ మాట మనసు గురించి. గంటలకు హద్దు లేకుండా పనిచేయమని కాదు. అదే ఉత్తరంలో తర్వాతి అధ్యాయం మొదటి వచనం, పనివారికి న్యాయం చేయమని యజమానులకు చెబుతుంది. ఆ వచనం మీద ప్రసంగాలు తక్కువ. మోషే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే, మామ యిత్రో చూసి ఈ పద్ధతి మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు. ఆయన ఇచ్చిన సలహా పని పంపకం గురించి: వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కో అధికారి, పెద్ద వ్యవహారాలు మాత్రమే మోషే దగ్గరికి. మీ ఆఫీసులో కావాల్సింది అలాంటిదే.

"పని ఎక్కువైంది" అని నోటితో చెబితే ఏ మేనేజరూ కదలరు, అందరూ అదే అంటారు గనుక. రెండు వారాలు, అందులో ఒక నెలాఖరు కలిసొచ్చేలా, రోజూ ఐదు నిమిషాలు కేటాయించి రాయండి: ఏ పని, ఎన్ని గంటలు, ఎవరు అడిగారు, గడువు ఎప్పుడు, ఆఫీసు వేళ తర్వాత వచ్చిన ఫోన్లు ఎన్ని, వాటిలో పొద్దున్న దాకా ఆగలేనివి ఎన్ని. ఈ చివరి లెక్కే చాలా పనిచేస్తుంది, నిజంగా ఆగలేనివి కొన్నే తేలతాయి. తర్వాత మేనేజర్‌ని అరగంట సమయం అడగండి. అడిగేది క్లోజింగ్ అయిన మూడో నాలుగో రోజున, ముందు కాదు. ఒక్క పేజీ చాలు. మాట ఇలా ఉండొచ్చు: "సార్, ఇప్పుడు నలుగురికి ఉన్న గంటలు ఇవి, ఉన్న పని ఇది. తేడా ఇంత. ఈ ఐదింటిలో మూడు గడువులోపు తప్పుల్లేకుండా ఇవ్వగలను. ఏ మూడో మీరు చెప్పండి. మిగతా రెండిటికి మనిషినైనా ఇవ్వండి, గడువైనా జరపండి. రాత్రి 9 తర్వాత అత్యవసరమైతే ఫోన్ చేయండి, మిగతావి మెసేజ్ పెట్టండి, పొద్దున్న 9కి మొదటి పని అదే." కన్నీళ్లొస్తాయని భయముంటే కాగితం చూసి చదవండి, అందులో తప్పు లేదు. అనుకున్నవన్నీ అదే రోజు చిన్న మెయిల్‌లో రాసి పంపండి. మొదటి రెండు వారాలు హద్దు దాటి ఫోన్లు వస్తాయి. ఒక్కసారి ఎత్తి జవాబిస్తే ఒప్పందం పోయినట్టే. మెసేజ్‌లో "చూశాను, పొద్దున్న 9కి చేస్తాను" అని మాత్రం పెట్టండి.

మేనేజర్ విననే వినకపోతే పై అధికారికో హెచ్ఆర్‌కో ఆ మెయిళ్లతో సహా రాయడం తిరుగుబాటు కాదు. పౌలు తన రోమా పౌరసత్వాన్ని వాడుకున్నాడు, కైసరు ముందు చెప్పుకుంటానని చట్టం ఇచ్చిన దారే పట్టాడు.

ఇన్‌వాయిస్ సంగతి పూర్తిగా వేరు. మీ అలసటలో ఇది ఎంత భాగమో మీకే తెలియకపోవచ్చు. మనస్సాక్షికి విరుద్ధంగా చేసిన పని వల్ల వచ్చే బరువు నిద్రతోనూ, సెలవుతోనూ తగ్గదు. అలసట అనుకుని విశ్రాంతి తీసుకుంటారు, తిరిగొచ్చిన తొలి రోజే మళ్లీ అదే బరువు. వచ్చే నెల ఆదాయాన్ని ఈ నెలలో చూపడం లెక్కల నియమాలకూ విరుద్ధమే, రేపు ఆడిట్‌లో అడిగితే ఎంట్రీ మీద ఉండేది మీ పేరు. బబులోనులో దానియేలు రాజు భోజనం వద్దని గొడవపడలేదు, పది రోజులు ఇలా చేసి చూడండి అని వేరే దారి చూపించాడు. మీరూ అలాగే అడగండి: "సరుకు ఈ నెలలో చేరినట్టు డెలివరీ కాగితం ఉంటే వెంటనే ఎక్కిస్తాను సార్. లేకపోతే వచ్చే నెల మొదటి తేదీన ఎక్కించి, ఈ నెల రిపోర్టులో రాబోయే ఆదాయంగా ఒక వివరణ రాస్తాను." అయినా చేయమంటే ఆ ఆదేశం మెయిల్‌లో ఇవ్వమనండి. రాతలో అడిగేసరికి చాలా ఆదేశాలు అక్కడే ఆగిపోతాయి.

ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్నకు ఈ రోజు జవాబు వెతకొద్దు. డిప్రెషన్‌లో భవిష్యత్తు అంతా మూసుకుపోయినట్టే కనిపిస్తుంది, ఆ చూపుతో తీసుకున్న పెద్ద నిర్ణయాలు తర్వాత బాధపెడతాయి. చికిత్స మొదలై ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక ఆలోచించండి. వేధింపులు ఉన్నా, ప్రాణానికి ప్రమాదమున్నా, తప్పుడు లెక్కల మీద బలవంతంగా సంతకం చేయిస్తున్నా ఆ నియమం వర్తించదు, అప్పుడు ముందే బయటపడాలి. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన వచనాన్ని దేవుని జవాబుగా తీసుకోవద్దు. ఆందోళనలో ఉన్న మనసు ఏ వచనంలోనైనా తన భయాన్నే చదువుకుంటుంది. ఏలీయా విషయంలో దేవుడు చేసిన క్రమం చూడండి. మొదట నిద్ర, రొట్టె, నీళ్లు. మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె. ప్రయాణం నీ శక్తికి మించినదని దూత స్వయంగా ఒప్పుకున్నాడు. నలభై రోజుల తర్వాత హోరేబు కొండ దగ్గర గానీ "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న రాలేదు. ఆ తర్వాతే పని గురించి మాట: నువ్వు ఒక్కడివే కాదు, ఏడువేలమంది ఉన్నారు, నీ స్థానంలో ప్రవక్తగా ఎలీషాను అభిషేకించు. మీరు ఇంకా మొదటి రొట్టె దగ్గరే ఉన్నారు.

విశ్రాంతి గురించి ఒక మాట. మీకు ఆదివారం సెలవు కాదు, ఆ రోజు మీకు ఇంకో ఉద్యోగం. సండే స్కూల్ నుంచి మూడు నెలలు తప్పుకోండి. "ఆరోగ్యం బాగోలేదు, మూడు నెలలు క్లాసు తీసుకోలేను, ఫలానా తేదీకి మళ్లీ చెబుతాను" అని తేదీతో సహా చెప్పండి. తేదీ లేకుండా చెబితే ప్రతి వారం అడుగుతూనే ఉంటారు. ఆరాధనకు వెళ్లి వెనక వరుసలో కూర్చుని రండి. వారంలో ఏదో ఒక సగం రోజు, మెయిల్ చూడని, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని సమయం ముందు మొదలుపెట్టి, తర్వాత దాన్ని పూర్తి రోజు చేయండి. యేసు శిష్యుల్ని ఏకాంతంగా వచ్చి అలసట తీర్చుకోమన్నప్పుడు, జనం పరుగున వెళ్లి వాళ్లకంటే ముందే అక్కడ ఉన్నారు. ఆ రోజు విశ్రాంతి కుదరలేదు. మీకూ కొన్ని వారాలు కుదరదు. తర్వాతి వారం మళ్లీ పెట్టుకోవాలి, అంతే.

సంఘంలో ఈ సంగతి ఇద్దరికి మించి చెప్పొద్దు. చెప్పే ముందే "ఇది మీ దగ్గరే ఉండాలి, ప్రార్థన అంశంగా కూడా చదవొద్దు" అని అడగండి. సభలో ప్రార్థన కావాలంటే "ఆరోగ్యం కోసం" అంటే సరిపోతుంది. ఎవరైనా ఇది దురాత్మ అని, మాత్రలు పారేయమని అంటే ఆ మనిషి చేత ప్రార్థన చేయించుకోవడం మానేయండి. ఆఫీసులో కూడా జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. "వైద్యుల సలహా మీద చికిత్స జరుగుతోంది, ఇన్ని వారాలు రాత్రి పని చేయలేను" అంటే చాలు. సెలవు కోసం ఇచ్చే సర్టిఫికెట్‌లో ఎన్ని రోజుల విశ్రాంతి కావాలో మాత్రం రాసి ఇవ్వగలరేమో డాక్టర్‌ని అడగండి. భోజన విరామంలో తోటి విశ్వాసితో కలిసి ప్రార్థించడం మంచిదే. మీ కింద పనిచేసేవాళ్లను మాత్రం పిలవకండి, కాదనలేక వస్తారు.

మాత్రలతో పాటు కౌన్సెలింగ్ కూడా దొరికితే తీసుకోండి. ఆలోచనల తీరును సరిచేసే సీబీటీ సాధారణంగా వారానికొకటి చొప్పున కొన్ని నెలలు సాగుతుంది. కౌన్సెలర్ క్రైస్తవులే కావాలని లేదు. మొదటి రోజే మూడు సంగతులు అడగండి: ఏ శిక్షణ పొందారు, ఏ పద్ధతిలో చేస్తారు, నా విశ్వాసం గురించి మాట్లాడితే దాన్ని గౌరవిస్తారా. విశ్వాసాన్ని ఎగతాళి చేసేవారి దగ్గరా ఉండొద్దు, డాక్టర్‌ని అడక్కుండా మందు ఆపమనేవారి దగ్గరా ఉండొద్దు. రెండు వారాలకు డాక్టర్‌ని ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి కలిసేలా తేదీలు ఇప్పుడే తీసుకోండి. వెళ్లేటప్పుడు పీహెచ్‌క్యూ-9 అంకెలు, నిద్ర గంటలు, మాత్ర వల్ల కలిగిన ఇబ్బందులు ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఆరు వారాలకీ తేడా కనిపించకపోతే మోతాదు పెంచుతారు, లేదా మందు మారుస్తారు. మొదటి మందే సరిపడకపోవడం చాలామందిలో జరిగేదే. అప్పుడు కూడా "దేవుడు వద్దంటున్నాడు" అనుకోకుండా రెండోది మొదలుపెట్టండి.